సొరాకిచి ఊపిరి

ఉకాయి మిత్సుయో గారు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో కయోకి తెలిసినంతగా ఆవిడ కన్నకొడుక్కి కూడా తెలిసి ఉండదు.

పదిహేనేళ్లుగా ప్రతి మంగళవారం పొద్దున పదింటికి ఇద్దరూ ఒకే స్టూడియోలో, ఒకే తెర ముందు పనిచేస్తున్నారు. మిత్సుయో గారు సొరాకిచి. వీధి స్నానశాల నడిపే వాళ్ల మనవడు, ఎనిమిదేళ్ల అల్లరి పిల్లాడు. ఆదివారం సాయంత్రం అయిందంటే ఇంటింటా టీవీలో "వచ్చేశా! నీళ్లు కాగాయా?" అని అరుస్తూ పరదా తోసుకొచ్చే కార్టూను బొమ్మ. నలభై ఒక్క ఏళ్లుగా వాడికి ఎనిమిదేళ్లే. వాడికి గొంతునిచ్చే మిత్సుయో గారికి మాత్రం డెబ్బై తొమ్మిది. ఇక కయో, వాడి బాతు. బాతు పేరు గామో.

బాతుకి మాటలుండవు. "గామో (అనుమానంగా)", "గామో (సొరాకిచి మీద జాలిపడి)" అని మాత్రం స్క్రిప్టులో రాసి ఉంటుంది. ఆ రాసిందంతా ఒక్క "గా"లో వినిపించాలి. మిగతా వేళల్లో స్నానానికొచ్చిన ఆడవాళ్లలో ఒకావిడ, బజారులో బేరమాడే ఒకావిడ, బస్సులో దగ్గే ఒక ముసలమ్మ కూడా కయోనే.

స్టూడియోలో నాలుగే మైకులు. మనుషులు పన్నెండు మందో పద్నాలుగు మందో. తన మాట రాకముందే అడుగు చప్పుడు కాకుండా ఖాళీ మైకు దగ్గరికి వెళ్లాలి. చెప్పాల్సింది చెప్పి, కాగితం చప్పుడు కాకుండా తిప్పి, పక్కవాళ్లకి చోటిచ్చి వెనక్కి రావాలి. గరగరలాడే బట్టలు వేసుకోకూడదు. ఖాళీ కడుపుతో రాకూడదు. కడుపులో గుర్రుమన్నా మైకులో పడిపోతుంది. మూడేళ్ల కిందట మిత్సుయో గారి మోకాళ్లు ఈ రాకపోకలకి మొరాయించాయి. చివరి మైకు కిందికి దించి ఆవిడకో కుర్చీ వేశారు. బాతు ఎప్పుడూ సొరాకిచి వెంటే ఉంటుంది కాబట్టి, కయో ఇంట్లోంచి ఒక దిండు తెచ్చుకుని ఆ కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది.

"ఏమే బాతూ, నావెలాగూ అరిగాయి. నీ మోకాళ్లు కూడా అరిగేదాకా వదలవా?" అనేవారు మిత్సుయో గారు.

"బాతుకి మోకాళ్లెక్కడివండీ?"

"నోరు మాత్రం ఉంది కదూ, దొంగమొహానికి."

అలా ఆవిడ చెంప పక్కన చెంప పెట్టి కూర్చోగా కూర్చోగా, ఏ మాటకి ముందు ఆవిడ భుజం లేస్తుందో, ఏ అక్షరం దగ్గర గొంతు సన్నగా నలుగుతుందో కయో ఒంటికి పట్టేసింది. ఒక్కోసారి ఆవిడతో పాటు తనకీ ఊపిరి లోపలికి వెళ్లేది.

డిసెంబరులో ఒక మంగళవారం, రికార్డింగు అయిపోయాక అందరూ సంచులు సర్దుకుంటుంటే, మిత్సుయో గారు కుర్చీలోంచి లేవలేదు.

"ఒక్క మాట వినిపోండి. మార్చితో నేను మానేస్తున్నా. డాక్టరు చెప్పలేదు, మావాడూ చెప్పలేదు. వాడి వెనక పరిగెత్తలేకపోతున్నా, అంతే."

సొరాకిచి తాత వేషం వేసే పెద్దాయన ముక్కు చీదాడు.

"ఏంటా ఏడుపులు! పిల్లాడేం పోలేదుగా. ఇంకొకళ్లింటికి వెళ్తున్నాడు. ఎవరింటికో ఈయన్నడగండి," అని ఆవిడ గాజు తలుపు వైపు చూపించారు. రికార్డింగు నడిపించే డైరెక్టరు మునకాతా అక్కడ తలొంచుకుని నిలబడి ఉన్నాడు. కొత్త సొరాకిచి కోసం జనవరిలో గొంతులు వింటామని, ఎవరైనా రికార్డు చేసి పంపొచ్చని, ఆఖరికి ముగ్గుర్ని పిలిచి స్టూడియోలో చదివిస్తామని చెప్పాడు.

ఇంటికెళ్లే రైల్లో కయో ఇంకా మిత్సుయో గారి గురించే బాధపడుతున్నాననుకుంది. సగినోమియా స్టేషను దాటాక గాని ఆ గుబులు బాధ కాదని తెలియలేదు. ఆ పిల్లాడు తనకి కావాలి. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉంది. నలభై మూడేళ్లొచ్చాయి. ఇది కావాలని ఎవర్నీ అడిగింది లేదు. ఇచ్చింది చేసింది, ఇవ్వనప్పుడు స్టేషను దగ్గర వండిన కూరలమ్మే దుకాణంలో కట్లెట్లు వేయించింది. ఇప్పుడు మాత్రం ఎవరో కొత్తమ్మాయి ఆ కుర్చీ తీయించేసి నిలబడి "వచ్చేశా!" అంటే, పక్కన తను "గా" అనడం ఊహించుకోలేకపోయింది.

రాత్రి భోజనాల దగ్గర ఆ మాట చెప్పింది. భర్త నోరిఫుమి సిటీ బస్సు డ్రైవరు. సూపు గిన్నె దించి ఆలోచించాడు.

"బాతు ఉన్నట్టుండి మాట్లాడితే పిల్లలు జడుసుకోరూ?"

"వేళాకోళాలొద్దు."

"వేళాకోళం కాదు. పంపు. పంపకపోతే ఇంకో పదేళ్లు నాకే వినిపిస్తావు."

కూతురు మినోరికి పద్నాలుగేళ్లు. ఆ వయసులో ఇంట్లో వాళ్లందరూ సిగ్గుచేటే. "నలభై మూడేళ్ల ఆంటీ ఎనిమిదేళ్ల పిల్లాడా?" అంది.

"డెబ్బై తొమ్మిదేళ్లావిడ కావొచ్చు గాని?"

"ఆవిడంటే ఆవిడమ్మా. ఆవిడ సొరాకిచి. నువ్వు..." అని ఆగిపోయి ముల్లంగి ముక్క నోట్లో పెట్టుకుంది.

అంటూనే, ఆదివారం మధ్యాహ్నం ఫోను పట్టుకుని గూట్లోకి దూరింది కూడా మినోరినే. పరుపులు, దుప్పట్లు పెట్టుకునే ఆ గోడ గూడే కయో ఇంటి స్టూడియో. మెత్తటి సామాను మధ్య కూర్చుని తలుపు జరిపేస్తే వీధి చప్పుడు వినపడదు. ఇద్దరూ మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. కయో కళ్లు మూసుకుంది. పక్కన కుర్చీ ఉన్నట్టు, కుర్చీలో మిత్సుయో గారు ఉన్నట్టు అనుకుంది. భుజం లేచింది, ఊపిరి లోపలికి వెళ్లింది. "వచ్చేశా! నీళ్లు కాగాయా?"

మినోరి చేతిలో ఫోను పక్కకి ఒరిగింది. "అమ్మా, ఆవిడ ఇక్కడున్నారా ఏంటి? నాకు భయమేస్తోంది."

కయోకి అంతకంటే పెద్ద మెప్పు అక్కర్లేకపోయింది.

జనవరి ఆఖర్లో మేనేజరు నెజు గారు ఫోను చేశారు. యాభై దాటిన మనిషి, ఇరవై ఏళ్లుగా కయో పనులు చూసేది ఆవిడే. "కూర్చున్నావా? కూర్చో. ముగ్గుర్లో నువ్వున్నావు. రెండు వందల మందిలో ముగ్గురు! మిగతా ఇద్దరూ నీ కూతురికి అక్కలంత ఉంటారు."

పై మంగళవారం రికార్డింగు అయ్యాక మునకాతా ఆమెని గాజు గదిలోకి పిలిచాడు. యాభై అయిదేళ్ల మనిషి, పొగడటం రాదు, కసరడమూ రాదు, అందర్నీ ఇంటిపేరుతోనే పిలుస్తాడు. "హివతాషి గారూ, ముగ్గురికీ ఎవరి సంగతి వాళ్లకి ముందే చెప్తున్నా. మీరు పంపింది విని, టీవీ కంపెనీ నుంచొచ్చిన ఆయన, పొరపాటున ఉకాయి గారి రికార్డు పెట్టారేమో చూడండి అన్నాడు. అంత అచ్చం ఉంది. అందుకే ముగ్గుర్లో ఉన్నారు."

కయో తల వంచి నమస్కరించబోయింది.

"అందుకే మీకివ్వడం నాకిష్టం లేదు కూడా."

వంచిన తల అలాగే ఉండిపోయింది. మునకాతా ఒక మీట నొక్కాడు. నలభై ఒక్క ఏళ్ల కిందటి మొదటి భాగం. సొరాకిచి పరదా తోసుకుని వచ్చాడు. తర్వాత కయో పంపింది పెట్టాడు. రెండోసారి రెండూ పెట్టాడు. మూడోసారికి కయోకి వినిపించింది.

పాతదాంట్లో పిల్లాడు తలుపు దగ్గర మొదలెట్టిన మాట తొట్టి దగ్గరికి వచ్చేదాకా ఆపలేదు. తనదాంట్లో పిల్లాడు ముందు ఊపిరి నింపుకున్నాడు, "వచ్చేశా" అన్నాడు, మళ్లీ కొంచెం నింపుకున్నాడు, "నీళ్లు కాగాయా" అన్నాడు.

"మీ పిల్లాడు మెట్లెక్కి వస్తున్నాడు," అన్నాడు మునకాతా. "ఆ స్నానశాలకి మెట్లు లేవు."

ఆ ఊపిరి సొరాకిచిది కాదు. అరవై నాలుగేళ్ల నుంచి డెబ్బై తొమ్మిదేళ్ల దాకా ఒక మనిషికి ఏడాదికింత చొప్పున వచ్చిన ఆయాసం అది. అంత దగ్గర కూర్చోవడం వల్ల, ఆ మార్పు ఎప్పుడొచ్చిందో కూడా కయోకి తెలియలేదు. పిల్లాణ్ని ఎత్తుకొచ్చాననుకుని, పిల్లాడితో పాటు ముసలితనాన్నీ ఎత్తుకొచ్చింది.

శనివారం దుకాణంలో వేడివేడిగా దింపిన కట్లెట్లు ఆరు పొట్లం కట్టించుకుని నుమబుకురోలో మిత్సుయో గారింటికి వెళ్లింది. ఏం అడగాలో తెలియదు. ఇంట్లో ఉండబుద్ధి కాలేదు, అంతే.

మిత్సుయో గారు వెచ్చటి కొతాత్సు బల్ల దుప్పటి కింద కాళ్లు పెట్టుకుని కమలాపండు ఒలుస్తున్నారు. "నా పిల్లాణ్ని అడగడానికి కట్లెట్లతో వచ్చావా? పెళ్లిచూపులకి కూడా ఇంతకంటే మంచివి తెస్తారు."

"అడగడానికి రాలేదండీ."

"మరి ఆ మొహమేంటి? మునకాతా ఏమన్నాడు?"

చెప్పకూడదనుకుంది. కాని ఆవిడ ముందు అబద్ధం ఆడటం చేతకాదు. మెట్ల సంగతి, ఊపిరి సంగతి అంతా చెప్పేసింది. చెబుతుండగానే తప్పు చేస్తున్నానని అర్థమైంది. మిత్సుయో గారి చేతిలో కమలాపండు ఆగిపోయింది.

"అంటే నేను మెట్లెక్కుతున్నాననా?"

"అలా కాదండీ..."

"ఎన్నాళ్ల నుంచీ?"

కయో కట్లెట్ల పొట్లం విప్పసాగింది.

"ఎన్నేళ్ల నుంచీ ఎక్కుతున్నానే, బాతూ? ఒక్కడూ చెప్పడే!" ఆవిడ కాసేపు కిటికీ వైపు చూశారు. తర్వాత ఒక్కసారి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. కయో లేచి వీపు రాసింది. "ఉండుండు. నా ఆయాసం కూడా అచ్చు గుద్దావు! ఇంత శ్రద్ధగా మావాడు నా మందులైనా చూడలేదు."

"క్షమించండి."

"క్షమాపణ దేనికి? ఇలా కూర్చో." ఒక తొన కయో చేతిలో పెట్టారు. "ఆ మొదటి భాగం విన్నావుగా. ఆ పరుగు ఎక్కణ్నుంచొచ్చిందో తెలుసా? మావాడికప్పుడు నాలుగేళ్లు. నర్సరీ ఆరింటికి మూసేస్తారు. రికార్డింగేమో మధ్యాహ్నం మొదలయ్యేది. అప్పట్లో ఒకళ్లు తప్పు చెప్తే ఆ రీలంతా మొదట్నించీ చెప్పాలి. తాత వేషం వేసే పాతాయన ప్రతిసారీ ఆఖర్లో తప్పేవాడు. నేను గడియారం చూసుకుంటూ, ముసలాడా నీ మొహం మండా అనుకుంటూ, ఆ పరుగుతోనే చెప్పేదాన్ని. జనమేమో, ఆహా, పిల్లాడెంత చురుగ్గా ఉన్నాడో అన్నారు. చురుకా పాడా! నర్సరీ టీచరు తిట్టిపోస్తుందని."

కయో ఫక్కున నవ్వింది. వెంటనే మనసులో ఆ పరుగుని పట్టుకుని చూసుకోబోయింది. మిత్సుయో గారు అది కనిపెట్టేశారు.

"ఏయ్! దాన్ని కూడా ఎత్తుకెళ్తావా? నీ కూతురికి పద్నాలుగు. నర్సరీ గేటు దగ్గర నీ కోసమెవరూ ఏడవట్లేదు."

"మరి నేను దేన్ని పట్టుకోవాలండీ?"

"నాకేం తెలుసు? నేను చెప్తే మళ్లీ నన్నే దించుతావు." ఇంకో తొన తీస్తూ అడిగారు, "బాతునెక్కణ్నుంచి తెచ్చావు?"

పదిహేనేళ్లలో ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు. కయో కొంచెం సిగ్గుపడింది. "అప్పుడు మా అత్తగారు మాతోనే ఉండేవారు. ఆవిడ ఏదైనా అంటే జవాబు నోటిదాకా వచ్చేది. మింగేసేదాన్ని. ఆ మింగినవన్నీ మంగళవారం స్టూడియోకి తెచ్చి... గా."

మిత్సుయో గారు కళ్లు తుడుచుకున్నారు నవ్వలేక. "చూశావా! మరి నన్నడుగుతావేంటి? పో, ఇంటికి పో. కట్లెట్లు మాత్రం వదిలిపో."

ఆఖరి ఆడిషను పై శుక్రవారం. బుధవారం నెజు గారు ఫోను చేసి గట్టిగా చెప్పారు. "మునకాతా ఏమైనా అననీ. డబ్బు పెట్టేది టీవీ కంపెనీ. వాళ్లకి కావాల్సింది ఆ పాత గొంతే. నువ్వు ముగ్గుర్లోకొచ్చిందే ఆ పోలికతో. అక్కడికెళ్లి కొత్త వేషాలు వేశావంటే అదీ పోతుంది, ఇదీ పోతుంది."

ఆవిడ మాట తప్పని కయో అనుకోలేదు. అదే బాధ.

గురువారం సాయంత్రం దుకాణం నుంచి వచ్చేసరికి బల్ల మీద మినోరి బడి కాగితం ఉంది. పెద్దవాళ్లు చేసే పనుల గురించి పిల్లలు తరగతిలో మాట్లాడాలట. తండ్రి: బస్సు డ్రైవరు. తల్లి: కూరల దుకాణంలో సహాయం.

కయో ఆ కాగితం పట్టుకుని నిలబడింది. కూతురు గదిలోంచి వచ్చింది.

"ఇదేంటి?"

"అబద్ధం కాదుగా. దుకాణంలో పనిచేస్తున్నావుగా."

"వారానికి మూడు రోజులు."

"మరేం రాయమంటావమ్మా? బాతు అని రాయనా?"

మామూలుగా అయితే కయో ఆ కాగితం అక్కడ పెట్టేసి బియ్యం కడగడానికి వెళ్లేది. ఇవాళ కాళ్లు కదల్లేదు.

"రాయి! బాతనే రాయి! మా అమ్మ బాతని రాయి, పదిహేనేళ్ల నుంచి బాతు, నువ్వు కడుపులో ఉండగా కూడా బాతే, వాంతులవుతుంటే బక్కెట్టు పక్కన పెట్టుకుని గా అన్నాను, నీకు జ్వరమొస్తే మీ నాన్నకప్పగించి వెళ్లి గా అన్నాను, అదేం ఊరికే వచ్చిందనుకున్నావా, దేశంలో పిల్లలందరూ ఆ కూత కూస్తారు, ఆ కూత నాది, నా గొంతులోంచి వచ్చింది, కట్లెట్లు ఎవరైనా వేయిస్తారు గాని ఆ బాతుని ఇంకెవరూ చె—"

'చెయ్యలేరు' అన్న మాట మధ్యలో గాలి అయిపోయింది. నోరు తెరుచుకునే ఉంది, శబ్దం లేదు. చేపలా ఒకసారి గాలి గుటకేసి "—య్యలేరు!" అని పూర్తి చేసింది.

మినోరి కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. "అమ్మా... ఊపిరి తీసుకో," అంది మెల్లగా. ఆ తర్వాత ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

నవ్వు తగ్గాక మినోరి కాగితం వైపు చూస్తూ అంది, "బాతని రాస్తే వాళ్లు నన్ను కూసి చూపించమంటారు. నేను చేసి చూశా, స్నానాల గదిలో. నువ్వు చేసినట్టు రాలేదు. ఎన్నిసార్లు చేసినా రాలేదు. అందుకని."

కయో కూతురి తల మీద చెయ్యి వేసింది. ఏదో చెప్పబోయింది గాని మనసు ఇంకో చోట ఉంది. 'చె' దగ్గర తెగిపోయిన మాట మీద. ఆ జవాబు మొదలుపెట్టేటప్పుడు తను ఊపిరి చూసుకోలేదు. ఎంత దూరం వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో చూసుకోలేదు. అయిపోయాకే చూసుకుంది. వయసు మీద పడినవాళ్లు ముందు కూడబెట్టుకుని మాట్లాడతారు. పిల్లలకి ఆ లెక్క తెలియదు. గాలి ఎక్కడైపోతే అక్కడ, మాట మధ్యలో అయినా సరే, ఒక గుటక వేసి మళ్లీ పరిగెడతారు.

అన్నం పొయ్యి మీద పెట్టి గూట్లోకి దూరింది. ఆ పూట మినోరిని పిలవలేదు.

శుక్రవారం స్టూడియోలో మైకు నిలబడే ఎత్తులో ఉంది. కుర్చీ లేదు. గాజు వెనక మునకాతా, టీవీ కంపెనీ ఆయన, నెజు గారు, ఇంకో ఇద్దరు. తెర మీద సొరాకిచి పరదా దగ్గరికొచ్చాడు. కయో భుజం దానంతటదే లేచింది. మూడేళ్ల అలవాటు. "వచ్చేశా..." అన్నాక గాని తెలియలేదు. చక్కగా, అచ్చం మిత్సుయో గారిలా మెట్లెక్కేసింది. గాజు వెనక కంపెనీ ఆయన తలూపాడు. నెజు గారి మొహం వికసించింది.

అలాగే పూర్తి చేసి నమస్కారం పెట్టి వచ్చేయొచ్చు. మూడో వంతు అవకాశం చేతిలో ఉన్నట్టే.

"క్షమించండి," అంది కయో మైకులో. "ఇంకోసారి చెప్పనిస్తారా? వేరేలా."

నెజు గారు గాజు వెనక రెండు చేతులూ అడ్డంగా ఊపారు. మునకాతా గొంతు పైన స్పీకర్లోంచి వచ్చింది. "చెప్పండి."

ఈసారి ఊపిరి నింపుకోలేదు. ఉన్న గాలితోనే మొదలుపెట్టింది. "వచ్చేశా నీళ్లు కాగాయా తాతేడీ నా సబ్బెవరు తీశారు నిన్న ఇక్కడే పెట్టా చేప బొమ్మ ఉన్న స—బ్బు!" మాట మధ్యలో తెగింది. గుటక వేసింది, మళ్లీ పరుగు. నాలుగు పేజీలు. తప్పులు రెండు దొర్లాయి. ఒక చోట గొంతు జీరబోయింది. అది మిత్సుయో గారి గొంతులా లేదు. కొంచెం బొంగురుగా, మొండిగా ఉంది. చెప్పనివ్వకపోతే ఊరుకోని పిల్లాడిలా ఉంది.

అయిపోయింది. గాజు వెనక నోళ్లు కదులుతున్నాయి. స్పీకరు ఆపేశారు, ఏమీ వినిపించదు. కంపెనీ ఆయన కాగితం మీద వేలితో కొడుతున్నాడు. మునకాతా ఒక్క ముక్కేదో అన్నాడు. కంపెనీ ఆయన వేలు ఆగింది. నెజు గారు నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నారు.

తొమ్మిది రోజులు ఏ కబురూ లేదు. కయో కట్లెట్లు వేయించింది. మంగళవారం వెళ్లి బాతు కూత కూసింది. మిత్సుయో గారు ఏమీ అడగలేదు, తనూ చెప్పలేదు. పదో రోజు, చేతులకి రొట్టెపొడి అంటుకుని ఉండగా ఫోను మోగింది. మోచేత్తో మీట నొక్కి, భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుంది.

"పిల్లాడు నీకొచ్చాడు," అన్నారు నెజు గారు. అని ఏడ్చేశారు. ఇరవై ఏళ్లలో ఆవిడ ఏడవడం కయో వినలేదు. "నా మాట వినలేదు నువ్వు! గుండాగిపోయింది నాకు! ఆ కంపెనీ ఆయన, ఇది ఉకాయి గారిలా లేదు అన్నాడు. మునకాతా ఏమన్నాడో తెలుసా? ఏ ఏడాది ఉకాయి గారు, అని అడిగాడు. అంతే. ఇంకేం మాట్లాడలేదు. దాంతో కంపెనీ ఆయన ఇంటికెళ్లి పాతవి ఒక పాతిక భాగాలు చూశాడట."

కయో చేతులు కడుక్కోకుండానే మిత్సుయో గారికి ఫోను చేసింది.

"మంచిది," అన్నారు ఆవిడ. "ఒక్క మాట. ఏప్రిల్లో ఆదివారాలు నేను టీవీ పెట్టను. ఏమీ అనుకోకు. మేలో చూస్తాను. ఏమోలే, జూన్లో."

"ఎప్పుడైనా సరేనండీ."

"జనం తిడతారు. నలభై ఒక్క ఏళ్ల కిందట నన్నూ తిట్టారు, ఆడమనిషి మగపిల్లాడేంటని. ఉత్తరాలు చదవకు. చదివినా భోజనం చేశాకే చదువు."

ఏప్రిల్ మొదటి మంగళవారం. ఏ వేళకొచ్చినా స్టూడియోలో అందరూ చెప్పుకునే 'శుభోదయం' ఆ రోజు కయో మర్చిపోయి రెండుసార్లు చెప్పింది. తాత వేషం పెద్దాయన తన పక్క సీటు చూపించి, "ఇక్కడ కూర్చోరా మనవడా," అన్నాడు. అందరూ నవ్వారు, కొంచెం ఎక్కువగానే. ఎవరి కళ్లూ చివరి మైకు వైపు వెళ్లలేదు. బాతు కూడా ఇంకా కయోనే, ఆ కూతలు ఆఖర్లో విడిగా తీసుకుంటారు.

ఎర్ర దీపం వెలిగింది. తెర మీద బొమ్మలకింకా రంగులు వేయలేదు, పెన్సిలు గీతలే. ఆ గీతల సొరాకిచి వీధి మలుపు తిరిగాడు. కయో చప్పుడు కాకుండా మైకు దగ్గరికి నడిచింది. పరదా కదిలింది.

"వచ్చేశా నీళ్లు కాగాయా ఇవాళ బళ్లో ఏమైందో తెలుసా తాతా నువ్వు న—"

గాలి అయిపోయింది. అనుకున్న చోట కాదు. ఇంకా రెండు మాటల ముందే. కయో తడబడి ఆగిపోయింది. వెనక పన్నెండు మంది ఊపిరి బిగబట్టారు. మొదటి రోజు, మొదటి మాట. ఆమె గాజు వైపు తిరిగి, మళ్లీ మొదటి నుంచి చెబుతానని తల వంచబోయింది. దీపం ఆరలేదు. తెర మీద పెన్సిలు గీతల పిల్లాడు నోరు తెరుచుకుని తాత ముందు గెంతుతూనే ఉన్నాడు.

పైన స్పీకరు ఒకసారి గరగరమంది. "హివతాషి గారూ," అన్నాడు మునకాతా, "ఎందుకాగారు? వాడింకా మాట్లాడుతున్నాడు."

కయో ఒక గుటక గాలి మింగి, వాడి వెనక పరిగెత్తింది.